వెలుగు జమాఖర్చు
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాసము)



పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైల శివరాత్రి మహోత్సవమును వర్ణించుచు, ఆనాటి ఆటపాటలను పెక్కింటిని పేర్కొనెను. తోలుబొమ్మలాట ముచ్చటయు అందు గలదు. తెర వెనుక దీపము, దీపమునకును తెరకును నడుమ బొమ్మ, తెరకు ఈవల ప్రేక్షకుడు: చలనచిత్రమునకు మూలకందమంతయు ఇదియే. ఆ మహాకవి పేరుతో ముడివడిన పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో నున్నది. ఆయన వ్రాసి యుంచకున్నచో ఆ వేడుకల జాడ నేటివారికి తెలియుట దుర్ఘటము.

ఇప్పుడు గంటమునకు తోడు కెమెరా వచ్చినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో ఊరూర యువకుల చేతులలో కెమెరా గల ఫోనులున్నవి. జాతర ముగియక మునుపే దాని బొమ్మలు ఊరెల్ల తిరుగుచున్నవి. కాని వానిలో పదియేండ్లకు పిదప చూడదగినవి ఎన్ని? కొన్నిట ముఖములు నల్లబడి యుండును. కొన్నిట ఆకాశము తెల్లని గోడవలె వెలవెలబోవును. లోపము యంత్రమునది కాదు. వెలుగునకును లెక్క గలదని తెలియకపోవుటయే లోపము.

ఆ లెక్కకు మూడు పద్దులు. మొదటిది కటకపు రంధ్రము. దాని కొలతలు 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని వరుసగా నుండును. అంకె పెరిగినకొలది రంధ్రము చిన్నదగును. ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. రెండవది షట్టరు, అది తెరచియుండు కాలము ఇనుమడించిన వెలుగును ఇనుమడించును. మూడవది ఐ.ఎస్.ఓ.; అది 100 నుండి 200 అయినచో బొమ్మ రెట్టింపు ప్రకాశించును. అయితే ఏ జమయు ఖర్చు లేక రాదు. రంధ్రము పెద్దదయినచో స్ఫుటముగా కనబడు లోతు తగ్గును. షట్టరు మందగించినచో కదలునది చెదరును. ఐ.ఎస్.ఓ. పెరిగినచో బొమ్మపై ఇసుక చల్లినట్లగును. కనుక ఒక పద్దున కలిపినది మరియొక పద్దున తీసివేయవలయును.

ఉదాహరణము: మిట్టమధ్యాహ్నపు టెండలో ఐ.ఎస్.ఓ. 100, షట్టరు సెకనులో 100వ వంతు, రంధ్రము 16 అయినచో లెక్క సరిపోవును. చలనచిత్రమునకు సెకనుకు 24 లేక 25 బొమ్మలు తీయుదురు. అందు షట్టరును సుమారు 50వ వంతున నుంచుట వాడుక. వెలుగు రెట్టింపు వచ్చెను గాన రంధ్రము 22 కావలెను. వెనుకనున్న గోడ మసకగా నుండుటకై రంధ్రమును 5.6 చేసినచో వెలుగు పదునారు రెట్లు అధికమగును. అప్పుడు కటకము ముందు వెలుగును పదునారవ వంతునకు తగ్గించు నల్లగాజు ఫిల్టరు నుంచవలయును. పెక్కు ఫోనులలో రంధ్రము మారదు. ఆ లెక్కను తక్కిన రెండు పద్దులతోను ఫిల్టరుతోను సరిచూచుకొనవలసినదే.

రాత్రి భజనలను తీయువారికి మరియొక చిక్కు. ఈ దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులుగా ప్రవహించును. పాతతరహా ట్యూబులైటు సెకనుకు 100 మారులు మినుకుమినుకు మనును. షట్టరు 50వ వంతునగాని 100వ వంతునగాని యున్నచో బొమ్మ నిలకడగా నుండును. 60వ వంతున నున్నచో తెరపై చారలు పరుగెత్తును.

ఇక వెలుగు ఎంత యనునదే కాక, ఎటనుండి వచ్చుచున్న దనునదియు ప్రధానము. జనగామ చెంతనున్న పెంబర్తి ఇత్తడి పనిని చూడుడు. అద్దమువలె మెరయు ఆ రేకుపై ఎదురుగా దీపము వేసినచో దీపమే కనబడును గాని, సుత్తితో ఉబ్బెత్తుగా తీర్చిన లత కనబడదు. దీపమును ప్రక్కకు జరిపి, నడుమ తెల్లని పలుచని బట్ట కట్టినచో ప్రతి దెబ్బ జాడయు తేలును. పసుపుపచ్చని బల్బు వెలుతురున రంగుల అమరిక సరిచేయనిచో ఇత్తడి రాగివలె కనబడును. అది శిల్పికి చేసిన అన్యాయము.

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ పేరుతో ముడివడినది. అచటి శాసనము కాకతీయ వంశక్రమమునకు ముఖ్యాధారము. అట్టి చెరువుగట్టుపై సాయంకాలమున బతుకమ్మ నాడు స్త్రీలను నీటివైపు కెమెరా పెట్టి తీసినచో, యంత్రము మెరయు నీటిని లెక్కించి ముఖములను చీకటి చేయును. ఫోను తెరపై ముఖమున్నచోట వ్రేలుంచి వెలుగును స్థిరపరుపవలెను. లేదా ప్రక్కకు తిరిగి నిలువవలెను. తెల్లని దుప్పటి ఎదుట పట్టినను ముఖమునకు కాంతి వచ్చును.

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలములోని పాండవుల గుట్టలలో ఆదిమానవులు రాతిపై గీసిన జంతువుల బొమ్మలున్నవి. అచట వెలుగు తక్కువ. రంగు తేరునని నీళ్లు చల్లుట మహాపరాధము. వేల యేండ్లు నిలిచిన రంగు దానితో చెడును. కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, షట్టరును నెమ్మదింపజేసినచో చాలును. రాయి కదలదు గాన బొమ్మ చెదరదు.

మూడవ విషయము షాటు. ఒగ్గుకథను తీసుకొనుడు. దూరపు షాటున బృందమంతయు, డోళ్లు, తాళములు, చుట్టు కూర్చున్న జనము కనబడవలెను. నడిమి షాటున కథకుని హస్తములు కనబడవలెను. దగ్గరి షాటు కన్నీటి ఘట్టమునకు దాచుకొనవలసినది. మొదటినుండి ముఖమే చూపినచో, అది ఒక్కని కథ యగును గాని బృందపు కథ కాదు. కథకునికిని వంతపాటవానికిని నడుమ ఒక గీతను ఊహించి, కెమెరా ఆ గీతకు ఒకే వైపున నుండవలెను. దాటినచో ఒకరినొకరు చూచుకొనుచున్నవారు ఒకే దిక్కునకు చూచుచున్నట్లు భ్రమ కలుగును.

ఈ విద్యకు పరాకాష్ఠ తెలుగు తెరపైనే కలదు. 1957 నాటి మాయాబజారులో మార్కస్ బార్‌ట్లే దీపములతో వెన్నెలను సృష్టించెను. 1988లో బి. నర్సింగరావు దర్శకత్వమున వచ్చిన 'దాసి' తెలంగాణపు గడీలో నలిగిన ఆడుబ్రతుకును చూపినది. ఛాయాగ్రాహకుడు అపూర్వ కిశోర్ బీర్ దానికి జాతీయ పురస్కార మందెను. మొదటివాడు లేని వెన్నెలను చూపెను. రెండవవాడు ఉన్న చీకటిని దాచక చూపెను. పల్లెను చిత్రించువారికి రెండవ మార్గమే ఆదర్శము.

జనగామ ప్రాంతపు మాణిక్యపురమునకు చెందిన ఒగ్గుకథా చక్రవర్తి చుక్క సత్తయ్య 2017లో కీర్తిశేషుడయ్యెను. ఒక్కొక్క కళాకారునితో ఒక్కొక్క భాండాగారము మూతపడుచున్నది. కనుక యువకులు ముందు పెద్దల అనుమతి పొంది, పిదప వెలుగును లెక్కించి, అటుపై కెమెరా నెత్తవలెను. తీసిన చిత్రమునకు ఊరు, తేది, కళాకారుని పేరు వ్రాసి, రెండు ప్రతులు చేసి, ఒకటి గ్రంథాలయమున నిక్షేపింపవలెను. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడిన ఈ బీరువాలలో ఇకమీదట బొమ్మలకును ఒక అర కేటాయింపబడుగాక! స్వర్ణోత్సవమునాటి పిల్లలు దానిని తెరచి, తమ తాతల గొంతులను, ముఖములను స్పష్టముగా గుర్తింతురుగాక!