మూలకాల పేర్లు – మనకూ పనికివచ్చే పాఠం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక ఏదైనా సైన్సు విషయం మాట్లాడమన్నారు. మూలకాల పేర్లు, వాటి సంకేతాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. "ఈ వయసులో మనకెందుకండీ?" అంటారేమో, ఎందుకో చివర చెబుతాను.

నేటికి గుర్తించిన మూలకాలు 118. చివరగా నాలుగింటికి 2016లో పేర్లు ఖరారయ్యాయి. అన్నీ కంఠతా పట్టనక్కరలేదు. పిల్లలకు నేను మూడు వరుసలుగా చెప్పేవాణ్ణి.

మొదటి వరుస ఒక్క అక్షరం చాలినవి. హైడ్రోజన్‌కు హెచ్, ఆక్సిజన్‌కు ఓ, నైట్రోజన్‌కు ఎన్. మనం చదువుకున్న రోజుల్లో ఇవే ఉదజని, ఆమ్లజని, నత్రజని.

రెండవ వరుస రెండక్షరాలవి. కాల్షియంకు సి.ఎ., క్లోరిన్‌కు సి.ఎల్. మొదటిది పెద్దక్షరం, రెండవది చిన్నక్షరం. సి పక్కన ఓ చిన్నదైతే కోబాల్టు లోహం. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు!

మూడవ వరుస పాత లాటిన్ పేర్లవి. ఇనుము ఫెర్రమ్ కనుక ఎఫ్.ఇ., బంగారం ఆరమ్ కనుక ఎ.యు. అలాగే సోడియం నేట్రియం కనుక ఎన్.ఎ., పొటాషియం కేలియం కనుక కె. ఈ అక్షర సంకేతాల పద్ధతిని 1813–14లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ప్రవేశపెట్టాడు. భాష ఏదైనా గుర్తు ఒకటే.

హీలియం కథలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడి నుండి పరిశీలించాడు. ఆ యేడాదే ఇంగ్లండులో లాకియర్ సూర్యకాంతిలోని ఒక పసుపు గీతను పరిశీలించి, అది కొత్త మూలకానిదని భావించాడు. గ్రీకులో సూర్యుణ్ణి హీలియోస్ అంటారు, దానినుండే హీలియం. భూమిపై అది 1895లో గాని రామ్సేకు చిక్కలేదు.

ఇక అసలు సంగతి. మన రక్తపరీక్ష రిపోర్టుల్లో ఎన్.ఎ., కె. అని ఉంటాయి. ఒక మిత్రుడు కె అంటే కె విటమిన్ అనుకొని, ఎక్కువగా ఉందని సంతోషించారు! అది పొటాషియం. సాధారణంగా లీటరుకు 3.5 నుండి 5 మిల్లీమోళ్ళ వరకు ఉండాలి. బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. బి.పి.కి మంచిదని కొంటున్న తక్కువ సోడియం ఉప్పులో చాలావరకు కొంత సోడియం క్లోరైడు బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. అందరికీ అది చెడు కాదు. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

కనుక ఈ సాయంత్రం మీ రిపోర్టు తీసి మనవలతో కలసి చదవండి. వారికి పాఠం వస్తుంది, మీకు జాగ్రత్త తెలుస్తుంది. అనుమానముంటే డాక్టరుకు చూపండి.