లేత ఆకు ఏం చెబుతోంది?



రైల్వే కొలువుల కోసం బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇవాళ వ్యవసాయ పట్టాలు అందుకోవడం చూస్తుంటే మనసు నిండిపోతోంది. పట్టభద్రులారా, మీరు రేపు అడుగుపెట్టే పొలాల గురించి, బంగాళదుంపలో సూక్ష్మధాతు లోపాల గురించి మాత్రమే మాట్లాడతాను.

ఇక్కడి రైతులు నేలను భాటా, మటాసి, డోర్సా, కన్హార్ అంటారు. మెరక మీది భాటా గరపనేలలో బోరాన్ నిలవదు, వానకు కొట్టుకుపోతుంది. జింక్ తక్కువున్న వరి మడిలో దుంప వేసి, డి.ఏ.పి. దండిగా పోస్తే ఆ కొరత ఇంకా ముదురుతుంది.

అప్పుడు లేత ఆకులు చిన్నవై, అంచులు పైకి ముడుచుకుంటాయి. వైరస్ అనుకుని రైతు దాన్ని మోసుకొచ్చే పేనుబంకకు మందు కొడతాడు. డబ్బు పోతుంది, పైరు తేరుకోదు. మీరు మొక్క పక్కన కూర్చుని చూడండి. విత్తన దుంపతో వచ్చిన ఆకుముడత వైరస్ ముందు కింది ఆకుల్లో కనిపిస్తుంది. ఆ ఆకులు పెళుసెక్కి, కదిపితే గరగరమంటాయి. జింక్ ముదురాకు నుంచి చిగురుకు సులువుగా కదలదు కాబట్టి ఆ లోపం పైనే బయటపడుతుంది. అయితే ఆ సీజన్లోనే సోకిన వైరస్ కూడా పై ఆకులనే ముడుస్తుంది. అందుకే కంటిచూపుతో తేల్చేయకండి, మట్టి పరీక్ష చేయించండి. తెగులులా కనిపించేదల్లా తెగులు కాదు: వరిలో ఖైరా తెగులుకు జింక్ లోపమే కారణమని 1966లో చాటిన పంత్‌నగర్ శాస్త్రవేత్త వై.ఎల్. నెనె స్వయానా తెగుళ్ళ నిపుణుడు!

డీటీపీఏ పరీక్షలో కిలో మట్టికి జింక్ 0.6 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎకరాకు 10 కిలోల జింక్ సల్ఫేట్ దుక్కిలో వేయించండి, డి.ఏ.పి.తో మాత్రం కలపనివ్వకండి. ఖరీఫ్ వరికి వేసి ఉంటే దుంపకు మళ్ళీ అక్కర్లేకపోవచ్చు. నిలబడ్డ పైరు మీదైతే లీటరు నీటికి 2 గ్రాములు పిచికారీ చేస్తే చాలు.

బోరాన్ విషయంలో నాకు భయం ఎక్కువ. తక్కువైతే చిగురు మాడి మొక్క గిడసబారుతుంది. ఎక్కువైతే అదే విషం. ఆ రెంటికీ మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే అన్ని ధాతువులూ కలిపామని అమ్మే సీసాను దయచేసి సిఫారసు చేయకండి.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ అందులోవే. వరి కోతలయ్యాక, దుంప నాటకముందే రైతు ఇంటికి వెళ్ళి ఆ కార్డు అడగండి. పక్కన కూర్చుని ఒక్కో అంకే చదివి వినిపించండి.