గ్రామసేవలో మన వంతు
(సూరారమున జరిగిన వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



పల్లెను పల్లెవారే బాగుచేసికొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము బడిపంతులుగా జీవితము గడపినవారము, ఇంజనీరులము గాము. కావున చూచినదియు వినినదియు మాత్రమే విన్నవింతుము.

వరంగల్లు సమీపమున, గీసుగొండ మండలమందు, గంగదేవిపల్లి యను చిన్న యూరు గలదు. పూర్వము మచ్చాపురమునకు శివారుపల్లెగా నుండి 1994లో ప్రత్యేక పంచాయతీ యయ్యెను. అంతకు పండ్రెండేండ్ల ముందే, 1982లో, ఊరివారు మద్యమును మాన్పించుకొనిరి. పిదప బాలవికాస సంస్థ తోడ్పడగా, తామును చందాలు వేసికొని మంచినీటి ట్యాంకు కట్టుకొనిరి. తొలి పంచాయతీని స్త్రీలకే అప్పగించిరి. నీటికొక కమిటీ, పారిశుద్ధ్యమునకొకటి, చదువునకొకటి, పన్నులకొకటి, కడకు కేబుల్ టీవీకి సయితము ఒకటి! నవ్వవలదు. టీవీ చందా వసూలు చేయనేర్చినవారు నీటి చందాయు వసూలు చేయగలరు. 2007లో వారికి నిర్మల గ్రామ పురస్కారము లభించెను.

ఇక మా కథ వినుడు. మేము ఉద్యోగము చేసిన యొక యూర శ్రమదానము తలపెట్టితిమి. మురుగుకాలువను మన ప్రాంతమున మోరీ యందుమే, దానిని తవ్వుట పని. మొదటినాడు పారలు పట్టుకొని ఫొటోకు నలువదిమంది నిలిచిరి. మూడవనాటికి ఆర్గురము మిగిలితిమి. ఐనను పెద్దవీధి మోరీ శుభ్రమయ్యెను. మేము మిక్కిలి సంతసించితిమి. నాలుగవనాడు దిగువనున్న దళితవాడనుండి యొక ముసలమ్మ బడికి వచ్చి, "పంతులు సారూ, మీ మోరీ సాఫ్ చేసుకున్నరు, మా వాకిట్ల పోసిండ్రు" అనెను. పోయి చూడగా మోకాలిలోతు మురుగు. నీరు పల్లమెరుగునను సామెతను ఏటేట పిల్లలకు చెప్పిన మేమే ఆ పల్లమున నివసించువారిని ఒక్కమాట యడుగమైతిమి! అడుగవలెనని తోపకపోవుటకు కారణము మరుపు గాదు. మన కులమువారి యిండ్లన్నియు పెద్దవీధిలోనే యుండెను. పిమ్మట ఆ వాడవారినే ముందిడుకొని, దిగువనుండి ఎగువకు, ఇంటికొక మనిషి చొప్పున వంతులు వ్రాసికొని తవ్వితిమి. ఈమారు జనము తగ్గలేదు.

ఉత్తర తెలంగాణమున నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములందలి గ్రామాభివృద్ధి కమిటీలు గుళ్లను, దారులను బాగుచేసిన మాట నిజమే. కాని చట్టమిచ్చిన అధికార మేమియు లేకయే జరిమానాలు వేయుటయు, మాట వినని కుటుంబములను, కొన్నియెడల ఒక కులమునంతను వెలివేయుటయు పత్రికలలో పలుమారులు చదివి తలవంచుకొంటిమి. కూలి కోరని సేవకుడు లెక్క చెప్పనక్కరలేదని యెవరనిరి?

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము రెండునెలలకొక గ్రామసభ జరుపవలెననియు, పారిశుద్ధ్యము, వీధిదీపములు, మొక్కలు, పనులు అను నాలుగింటికి స్థాయీసంఘము లుండవలెననియు విధించినది. ఆ సంఘములలో "మనవాడొకడు" ఉండవలెనని మన సంఘమున వాదములు వింటిమి. మనవాడు ఉండనీయుడు, కాని అతడు పార పట్టునా, లేక కుర్చీ పట్టునా? ఈ సూరారము మొదలు మేడ్చల్, శామీర్‌పేట వరకు పొలములు ప్లాట్లగుచున్నవి. దూరప్రాంతములనుండి వచ్చి కూలిచేయువారు మన గోడప్రక్కనే అద్దెగదులలో నున్నారు. వారి మురుగును మన మోరీలోనే పారును. వారిని సభకు పిలిచినవారెవరు?

మధ్యాహ్నము మన సంఘభవనమునకు చందాల పట్టీ తిరుగనున్నది. మేమును వ్రాయుదుము. ఆ పట్టీ వెనుకప్రక్కనే మరియొక పట్టీ వ్రాయుడని ప్రార్థించుచున్నాము: ఎవరు, ఏ వారమున, ఏ వాడలో, ఎన్ని గంటలు పనిచేయుదురో. గ్రామసభ మిగిలియున్నచోట దానియెదుటను, ఊరు పురపాలకమున కలిసినచోట వీధిలో నలుగురి యెదుటను ఆ లెక్క చదువుడు. మోకాళ్లు నొచ్చుచున్నవి గాని గంప యెత్తగలము. ఆదివారము, దిగువవాడ, రెండు గంటలు అని మా పేరు మొదట వ్రాసికొనుడు.