పాత అంగడిలో క్రిస్మస్ అలంకారములు

పండుగ యనగానే కొత్త వస్త్రము, కొత్త బియ్యము, కొత్త కుండ మన మనస్సునకు తోచును. అయినను సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు ఇల్లాలు మాత్రము అటకమీది పాత పెట్టెనే దింపును. అందులోని అమ్మమ్మనాటి కొండపల్లి బొమ్మకు రంగు పోయియుండవచ్చును, చేయి విరిగియుండవచ్చును. అయినను మెట్టుమీద దాని స్థానము దానిదే. పాశ్చాత్య దేశములలో క్రిస్మస్ చెట్టునకు కట్టు అలంకారముల కథయు ఇట్టిదే. ఇంటివారు గతించినప్పుడో, వృద్ధులై చిన్న యింటికి మారినప్పుడో ఆ పెట్టె చేరు చోటు ఒకటి అచ్చట నున్నది. నేడు ఆ చోటును గూర్చి ముచ్చటింతము.

దానిని అమెరికాలో థ్రిఫ్ట్ స్టోరు అందురు, ఇంగ్లండులో చారిటీ షాపు అందురు. జనులు తమకు అక్కరలేని వస్తువులను ఉచితముగా నిత్తురు. అంగడివారు వానిని స్వల్పమైన వెలకు అమ్మి, వచ్చిన ధనమును ధర్మకార్యములకు వినియోగింతురు. బోస్టను నగరమున 1902లో ఎడ్గార్ హెల్మ్స్ అను మెథడిస్టు బోధకుడు గుడ్‌విల్ సంస్థకు పునాది వేసెను. సంపన్నుల యిండ్ల పాత బట్టలను, సామానులను సేకరించి, పనిలేని పేదలచేత బాగుచేయించి, అమ్మించి, వారికి కూలి యిప్పించుట ఆయన పద్ధతి.

కొన్ని సంవత్సరముల క్రిందట నవంబరు మాసమున ఓహాయో రాష్ట్రమందలి ఒక చిన్న పట్టణములో మేము బంధువుల యింట కొన్నాళ్లుంటిమి. వారి పిల్లలు తోడిపిల్లల యిండ్లలో చెట్లను చూచి వచ్చి, తమకును ఒకటి కావలెనని పట్టుపట్టిరి. ఇంటి ఇల్లాలు మాకు వదినె వరుస. “కొత్తవెందుకు, రెండు వారాల ముచ్చటకి? పాత కొట్టుకు పోదాం రండి” అని ఆమె మమ్ము వెంటబెట్టుకొని పోయినది.

ఆ అంగడిలో ఒక మూల అట్టపెట్టె కనబడినది. లోపల పండ్రెండు గదులు. పదునొకండు గాజుగోళములు, ఒక గది ఖాళీ. గోళములకు వెండిపూత లేదు. తేటగాజుపై సన్నని రంగుగీతలు మాత్రమే యున్నవి. తలపై లోహపు బిళ్లకు బదులు అట్టబిళ్ల. పెట్టె మూత లోపలివైపున పెన్సిలుతో, “చెట్టు ముందువైపున. పిల్లలకు అందనంత ఎత్తున” అని ఇంగ్లీషులో వ్రాసియున్నది. వెల రెండు డాలర్లు. “వెలిసిపోయినట్టున్నాయి, వద్దులెండి” అన్నది వదినెగారు.

అవి వెలిసినవి కావు. వాని పుట్టుకయే అట్టిది. ఈ అలంకారములకు పుట్టినిల్లు జర్మనీలోని థురింగియా కొండలలో నున్న లౌషా గ్రామము. అచ్చట గాజుబట్టీ 1597లో నెలకొన్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంటింట ఈ పని సాగెను. తండ్రి దీపపు మంటపై గాజు గొట్టమును కాచి ఊదును. తల్లి సిల్వర్ నైట్రేటు ద్రావణముతో లోపల వెండిపూత పట్టించును. పిల్లలు రంగులు దిద్దుదురు. 1880 ప్రాంతమున ఉల్‌వర్త్ అను అమెరికా వర్తకుడు సందేహించుచునే వీనిని తన అంగడిలో నుంచెను. అనతికాలములో అవి ఆయనకు గొప్ప వ్యాపారమైనవి.

యుద్ధమేఘములు క్రమ్ముచుండగా, జర్మనీనుండి అలంకారములను దిగుమతి చేయుచుండిన మాక్స్ ఎకార్ట్ సరకు ఆగిపోవునని ముందే గ్రహించెను. కార్నింగ్ గాజు సంస్థ విద్యుద్దీపపు బుడ్లను చేయు యంత్రముతోనే 1939–40 నాటికి ఈ గోళములను చేయసాగెను. ఎకార్ట్ వానికి రంగులు వేయించి ‘షైనీ బ్రైట్’ పేరిట అమ్మెను. అంతలో అమెరికాయు యుద్ధమున దిగినది. వెండిపూతకు సామగ్రి లేదు, బిళ్లకు లోహము లేదు. అందుచేత తేటగాజు, నాలుగు గీతలు, అట్టబిళ్ల. మా చేతిలోని పెట్టె ఆ లేమినాటిది.

పాత అలంకారముల కాలము నిర్ణయించుటకు ఇట్టి గురుతులు మరికొన్ని యున్నవి. ‘ఆక్యుపైడ్ జపాన్’ అను ముద్రయున్నచో అది యుద్ధానంతరము 1952 లోపలిది. ‘వెస్ట్ జర్మనీ’ అని యున్నచో 1949కిని 1990కిని నడిమిది. చేత ఊదిన గోళము పక్షియీకవలె తేలికగా నుండును.

ముచ్చటతోపాటు మెలకువయు అవసరము. గోళమును నీట కడుగరాదు, రంగు ఊడిపోవును. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపిన చాలును. కొమ్మలకు వ్రేలాడవేయు పాత తళుకుతీగలు బరువుగా మెత్తగా నున్నచో అవి సీసపువి కావచ్చును. అమెరికాలో వాని తయారీ 1972నాటికి ఆగిపోయినది. పిల్లలున్న యింటికి అవి తగవు. 1930లలో, 40లలో అమ్మిన కృత్రిమపు మంచు కొంత ఆస్‌బెస్టాసుతో చేసినది. అట్టి డబ్బాను తెరువకుండుటయే మేలు. తీగపైని తొడుగు పెళుసెక్కిన పాత దీపమాలలను విద్యుత్తుకు తగిలింపరాదు.

ఇక మా పెట్టె సంగతి. ఇట్టివానికై వెదకువారు రెండు డాలర్లకు ఎన్నో రెట్లు ఇత్తురని మేమెరుగుదుము. గల్లా వద్ద కూర్చున్న వృద్ధురాలు జీతము లేక పనిచేయు సేవిక, ఆమె ఎరుగదు. చెప్పవలెనా, వలదా? వెల చీటీమీద నున్నదే గదా యని ఒక మనస్సు. అమ్మకపు ధనము పేదలకు పోవుచున్నప్పుడు మన తెలివి వారి నష్టము కారాదని మరియొక మనస్సు. తుదకు చెప్పితిమి. ఆమె లోపలినుండి పెద్దను పిలిచినది; ఆయన కండ్లద్దములు పెట్టుకొని చూచి వెలను పండ్రెండు డాలర్లు చేసెను. ఇచ్చి తెచ్చుకొంటిమి. “మీ పాండిత్యానికి పది డాలర్లు ఖర్చయింది” అని వదినెగారు దారిపొడుగునను నవ్వినది.

ఈ సందేహము మా యొక్కరిది కాదు. పేదయింటి పిల్లలకును పండుగ కలుగుటకు ఈ చౌకధరలు ఆధారము. తెలిసినవారు ముందుగా వచ్చి మంచివన్నియు ఏరుకొని హెచ్చుధరకు మారుబేరము చేసినచో ఆ పిల్లలకు మిగులునదేమి? అంగడివారే ధరలు పెంచినచో ధర్మనిధికి ఆదాయము పెరుగును గాని, బీద కొనుగోలుదారు వెనుకకు తిరుగును. దీనికి సులభమైన సమాధానము లేదు. అవసరమైనంత కొని, కొన్నదానిని వాడుకొనుట మాకు తోచిన మార్గము.

ఆ సాయంకాలము పిల్లలు గోళములను కట్టిరి. చిన్నవాడు క్రింది కొమ్మకు కట్టబోగా పెద్దపిల్ల మూతమీది వ్రాత చదివి వారించినది. పదునొకండును చెట్టు ముందువైపున, చిన్నవాని చేతికి అందనంత ఎత్తున వెలసినవి. పండ్రెండవది ఏ పిల్లవాని చేతిలో పగిలినదో, ఆ పిమ్మటనే తల్లి ఆ మాట వ్రాసినదో మనకు తెలియదు. ఆమె పేరును తెలియదు. ఆమె జాగ్రత్త మాత్రము మరియొక యింటి బిడ్డలకు అక్కరకు వచ్చినది.

మన యిండ్లలోని బొమ్మల పెట్టెలపై ఇట్టి వ్రాత ఎన్నింటికున్నది? ఏ బొమ్మ ఎవరు తెచ్చిరో, ఏ సంవత్సరమున తెచ్చిరో, ఏ మెట్టుమీద నిలుపవలెనో చెప్పగల పెద్దవారు ఇంటనున్నప్పుడే అడిగి, మూతపై నాలుగు మాటలు వ్రాసియుంచుట మంచిది. రాబోవు సంక్రాంతికి పెట్టె దింపినప్పుడు ఒక పెన్సిలు దగ్గర నుంచుకొందము.