పెద్దలును బస్కీలును



మా ముప్పాళ్ళ ప్రాంతమున మునుపు దున్నుట, మోయుటయే వ్యాయామము. దండీలు, బస్కీలు పడుచువాండ్ర వేడుక. 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్మునకు జుట్టిన యినుపగొలుసును ఊపిరి బిగించి తెంచి సర్కసులో జనుల నబ్బురపరచిరి. నేడు నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చినది. యువకులు జిమ్ములకు రుసుము చెల్లించి యినుము నెత్తుచున్నారు. మోయుటకు మూటలు లేవుగదా! పెద్దలు వేకువనే నడుచుచున్నారు. మంచిదే, కాని చాలదు. ఒక్క జారుపాటుతో తుంటియెముక విరిగి మంచమెక్కినవారిని ప్రతియూరను చూచుచున్నాము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో, 65 ఏండ్లు నిండినవారు వారమునకు కనీసము 150 నిమిషములు నడకవంటి శ్రమ చేయుటయేగాక, పడకుండుటకై మూడుదినములైనను బలమును నిలకడను పెంచు అభ్యాసములు చేయవలెనని చెప్పినది. పీటలు పోయి బల్లలు వచ్చినవి. నేలనుండి లేచుటయే మరచితిమి. గోడ కానించి కుర్చీ వేసికొని, చేతులూనక పదిమార్లు కూర్చుండి లేవుడు. అదియే మన బస్కీ. మోకాలు నొచ్చువారు వైద్యు నడిగి చేయుడు.