మైనం ధర, మన శ్రమ ధర
(మహిళల స్వయం ఉపాధి శిక్షణ ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మైనం కరిగించడం, ఒత్తి నిలపడం, అచ్చు పోయడం మీరు నేర్చుకున్నారు. ఆ పని గురించి చెప్పడానికి మాకంటె సమర్థులు ఈ వేదికపై ఉన్నారు. ప్రభుత్వ కార్యాలయంలో దీర్ఘకాలం ఖర్చుల బిల్లులు సరిచూసినవారము కనుక మేము లెక్కకే పరిమితమవుతాము. ఏ మైనం చవక, ఏది ప్రియం అని మీలో పలువురు మమ్మల్ని అడిగారు. కిలో ధర ఒక్కటే చూసి దానికి జవాబు చెప్పలేము. తయారైన ఒక్కొక్క కొవ్వొత్తికి ఎంత పడింది, అమ్మిన తరువాత చేసినవారి చేతికి ఎంత మిగిలింది అన్నదే అసలు లెక్క.

ముందుగా మైనాల సంగతి. మన ఇళ్లలో మోమ్‌బత్తి అని పిలుచుకొనే మామూలు తెల్ల కొవ్వొత్తి పారాఫిన్ మైనంతో తయారవుతుంది. ఇది ముడిచమురు శుద్ధిలో లభించే పదార్థం. అస్సాంలోని నుమాలిగఢ్, చెన్నై సమీపంలోని మనలి శుద్ధి కర్మాగారాలలో ఉత్పత్తి అవుతుంది. ముడిచమురు ధర పెరిగితే దీని ధర కూడా పెరుగుతుంది. సోయా మైనం సోయా నూనెను గట్టిపరచి చేసేది. గాజు పాత్రలలో పోసే సువాసన కొవ్వొత్తులకు దీనిని ఎక్కువగా వాడుతారు. తేనెటీగల మైనం అన్నింటికంటె ప్రియమైనది. దానిలో పారాఫిన్ కలిపి అమ్మే మోసం ఉంది కనుక తెలిసినవారి వద్దనే కొనాలి. స్టియరిక్ యాసిడ్‌ను పారాఫిన్‌కు కొద్దిగా కలిపితే కొవ్వొత్తికి గట్టిదనం వస్తుంది, అచ్చు నుంచి సులభంగా ఊడుతుంది.

ఇక లెక్కకు వద్దాము. మేము చెప్పబోయే ధరలు ఉదాహరణకు తీసుకున్నవి. బేగంబజారులోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో, మీ ఊరి దుకాణంలోనో నేటి ధర విచారించి ఆ అంకెను ఇక్కడ వేసుకోండి. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు.

పారాఫిన్ కిలో 140 రూపాయలు అనుకుందాము. కరిగించేటప్పుడు గిన్నెకు, అచ్చుకు అంటుకొని 40 గ్రాములు పోతే 960 గ్రాములు మిగులుతుంది. 20 గ్రాముల కొవ్వొత్తులు 48 అవుతాయి. ఒక్కొక్క దానికి మైనం ఖర్చు 2 రూపాయల 92 పైసలు. ఒత్తికి 25 పైసలు, పెట్టెకు 25 పైసలు కలిపితే 3 రూపాయల 42 పైసలు. టోకు వ్యాపారి 4 రూపాయలకు తీసుకుంటే మిగిలేది 58 పైసలు. ఇద్దరు స్త్రీలు రోజుకు 300 చేశారనుకుంటే 174 రూపాయలు. గ్యాసుకు 30 పోతే 144. అంటే మనిషికి 72 రూపాయలు. కిలో మైనం చవకగా దొరికిందని సంతోషించే ఇంట్లో ఒక మనిషి రోజంతా చేసిన పనికి వచ్చిన ప్రతిఫలం అది.

అయిదారు కుటుంబాలు కలిసి అదే మైనాన్ని బస్తాలుగా కొని కిలో 120 రూపాయలకు తెచ్చుకున్నాయనుకోండి. కొవ్వొత్తికి మైనం ఖర్చు 2 రూపాయల 50 పైసలకు దిగుతుంది. 300 కొవ్వొత్తులపై 126 రూపాయలు మిగులుతాయి. మనిషికి 72 బదులు 135 వస్తుంది. ఆ తేడా పనిలో రాలేదు, కొనుగోలులో వచ్చింది. అయినా అది పూర్తి కూలి కాదు. అమ్మకం ధర గురించి కూడా నోరు విప్పి అడగాలి.

గాజు పాత్రలో పోసే కొవ్వొత్తి లెక్క వేరు. ఒక పాత్రకు మైనం 150 గ్రాములు, కిలో 1500 రూపాయల సువాసన తైలం 12 గ్రాములు అనుకుందాము. గాజు పాత్రకు 40, చీటీకి, పెట్టెకు 10, ఒత్తికి 3, తైలానికి 18 రూపాయలు. ఇవి ఏ మైనమైనా మారవు, మొత్తం 71. పారాఫిన్‌కు 21 కలిపితే 92 రూపాయలు. సోయా మైనం కిలో 300 అయితే 45 కలిపి 116 రూపాయలు. కిలో ధర రెండింతలు దాటినా, తయారైన వస్తువు ఖర్చు నాలుగో వంతు మాత్రమే పెరిగింది. సోయా అని చెప్పినప్పుడు కొనేవారు 24 రూపాయలకంటె ఎక్కువ ఇస్తారా? ఇస్తే సోయా లాభం, ఇవ్వకపోతే పారాఫిన్ లాభం. తేనెటీగల మైనం కిలో 800 అయితే 120 రూపాయలు అవుతుంది. దానికి సహజమైన తేనె వాసన ఉంటుంది కనుక తైలం అక్కరలేదు. అయినా 173 పడుతుంది. ముందుగా ఆర్డరు ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

ధరల చీటీలో కనిపించని ఖర్చులు కూడా ఉన్నాయి. బజారులో దొరికే పారాఫిన్ సాధారణంగా 58 నుంచి 60 డిగ్రీల వద్ద కరుగుతుంది. గాజు పాత్రలకు వాడే సోయా మైనం అంతకంటె తక్కువ వేడికే మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో నిలువ చేస్తే సరుకు పాడవుతుంది. పైగా సోయా కొవ్వొత్తికి సువాసన బాగా పట్టడానికి వారం, రెండు వారాలు ఆగాలి. అన్నాళ్లూ మీ పెట్టుబడి అలమరలోనే ఉంటుంది. అందువల్ల వేసవిలో సోయా సరుకు తక్కువగా చేసి, దీపావళికి, క్రిస్మస్‌కు ముందు పెంచుకోవడం మేలు. ఏ మైనాన్నయినా నేరుగా మంటపై పెట్టవద్దు. నీళ్ల గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించండి. నిప్పంటుకుంటే నీళ్లు పోయకుండా మూత వేసి ఆర్పండి.

సోదరీమణులారా! ఇంటిపట్టున చేసే పనులలో ముస్లిం స్త్రీలు ఎక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక గుర్తించింది. ఇంట్లో చేసే పనికి హాజరు పట్టీ ఉండదు, జీతం చీటీ ఉండదు. అందుకే ఆ శ్రమ లెక్కలోకి రాదు. మనం కూడా దానిని వ్రాయకపోతే మరెవరూ వ్రాయరు. మీ ఖర్చుల పుస్తకంలో మైనం, ఒత్తి, గ్యాసు తరువాత మీ కూలి అని ఒక వరుస తప్పక పెట్టండి.

ఆ పుస్తకం హక్కులు అడగడానికి కూడా పనికివస్తుంది. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. నమోదైన చిన్న ఉత్పత్తిదారు సరుకు తీసుకున్న వ్యాపారి, వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చెబుతున్నది. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు మీకుంది. అయితే చేతిలో బిల్లు ఉండాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలకు, స్త్రీలకు పట్టణాలలో 25 శాతం, గ్రామాలలో 35 శాతం సబ్సిడీ ఉంది. సొంత వాటా 5 శాతం చాలు. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు నివేదికను మధ్యవర్తి చేత వ్రాయించి సంతకం పెట్టవద్దు. నేడు మనం వేసిన లెక్కనే మీ ఊరి ధరలతో వ్రాసి ఇవ్వండి. అధికారి ప్రశ్న అడిగితే మీరే జవాబు చెప్పగలుగుతారు.

మీరు ఇళ్లకు వెళ్లిన తరువాత వీధికొక బృందంగా కూడి, మూడు దుకాణాలలో ధరలు విచారించి, మైనం ఉమ్మడిగా కొనండి. ఆర్డరు ఒప్పుకొనే ముందు మీ కూలి కలిపి లెక్క కట్టండి. లెక్క తెగకపోతే మా వద్దకు రండి, కలిసి కూర్చుందాము.  అల్లాహ్ మీ కష్టంలో బర్కత్ ప్రసాదించుగాక.