సత్యజిత్ రాయ్ మెచ్చిన చిత్రములు



గ్రంథాలయ రజతోత్సవ సభయందు చలనచిత్రముల ప్రసంగమేల యని పెద్దలలో కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకములున్న చోట సినిమాకు తావు లేదను మాట యొకప్పుడు గట్టిగనే వినవచ్చెడిది. కాని సద్గ్రంథమును చదువుట యెట్లో, మంచి చిత్రమును చూచుటయు నట్లే శ్రమించి నేర్వదగిన విద్య యని తన జీవితముచే నిరూపించిన వంగదేశీయుడొకడు కలడు. ఆయనయే సత్యజిత్ రాయ్. 1921లో కలకత్తాలో జన్మించి 1992లో ఆ నగరముననే కన్నుమూసెను. ఆయన తీసిన చిత్రములను గూర్చి లోకమెల్ల నెరుగును. ఇచట ప్రసక్తమైనవి ఆయన చూచి మెచ్చినవి.

రాయ్ 1943లో ఆంగ్లేయుల ప్రకటనల కంపెనీ యొకదానిలో చిత్రకారుడుగా కుదిరెను. చిత్రనిర్మాణము నేర్పు గురువు ఆయనకెవ్వరును లేరు. సినిమాహాలులో చీకటియందే కూర్చుండి, ఏ దృశ్యము వెనుక ఏ దృశ్యము వచ్చుచున్నదో కాగితముపై గీతలుగా గుర్తు పెట్టుకొనెడివాడు. ఫలానా కథను చిత్రముగా తీయబోవుచున్నారని ప్రకటన వెలువడినచో, ముందుగా తానే దానికి దృశ్యక్రమము వ్రాసి యుంచుకొని, చిత్రము వచ్చిన పిదప రెంటిని సరిపోల్చుకొనెడివాడు. గురుముఖమున గాక కావ్యము చదువుకొనువాడు పద్యమునకు తానొక తాత్పర్యము వ్రాసికొని, పిమ్మట వ్యాఖ్యానము తెరచి తప్పు దిద్దుకొనుట వంటిదే యిది. 1947లో మిత్రులతో కూడి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించెను. గ్రంథాలయమనగా పుస్తకములు పంచుకొని చదువుట; ఆ సంఘము చిత్రములు పంచుకొని చూచుటకు ఏర్పడినది.

1949లో ఫ్రెంచి దర్శకుడు ఝాఁ రెన్వా 'ది రివర్' అను చిత్రమునకు తగిన తావులు వెదకుచు కలకత్తాకు వచ్చినప్పుడు రాయ్ ఆయన వెంట తిరిగెను. తెరపై అనేక విషయములు చూపనక్కరలేదు, చూపునది మాత్రము సరియైనదై యుండవలెనని రెన్వా ఆయనకు బోధించెను. క్షేమేంద్రుడు ఔచిత్యమని విస్తరించి చెప్పినదానికి ఇది దూరము కాదు.

మరుసటి యేడు, 1950లో, కంపెనీవారు రాయ్‌ని లండనుకు పంపిరి. అచట కొలది నెలలలో ఆయన 99 చిత్రములు చూచెను. వానిలో ఆయన బ్రతుకును మలుపు త్రిప్పినది ఇటలీ దేశీయుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్'. కథ చిన్నది. యుద్ధానంతరమున రోమునగరములో పనిలేక తిరుగు నొక పేదవానికి గోడలపై ప్రకటన కాగితము లంటించు ఉద్యోగము దొరకును. సైకిలున్నగాని ఆ పని లేదు. తాకట్టులో నున్న సైకిలును విడిపించుటకు భార్య ఇంటిలోని పడక దుప్పట్లను తాకట్టు పెట్టును. పనిలో చేరిన మొదటి దినముననే సైకిలు దొంగల పాలగును. తండ్రియు పసివాడైన కొడుకును నగరమెల్ల వెదకుదురు. తుదకు తాళలేక ఆ తండ్రి తానే ఒక సైకిలు దొంగిలించి పట్టుబడును. జనము తిట్టి కొట్టుచుండగా బాలుడు క్రిందపడిన తండ్రి టోపీని తీసి దుమ్ము దులుపును. ఆ బాలుని ముఖము చూచి సైకిలు సొంతదారు వానిని విడిచిపెట్టును. ఏడ్చుచు నడచుచున్న తండ్రి చేతిలో కొడుకు తన చేయి నుంచును. ఇంతే.

ఉత్తరరామచరితమున భవభూతి చూపిన కరుణము ఒక మహారాజుది. ఇందలిది కాగితములంటించు కూలివానిది. కంటనీరు రెంటికిని సమానమే. కథానాయకుడుగా నటించినవాడు నిజముగా కర్మాగారములో పనిచేయు శ్రామికుడు. రాయ్‌ని ముఖ్యముగా ఆకర్షించినది ఇదియే. ఎరుగని ముఖములతో, నిజమైన వీథులలో, కొద్దిపాటి వ్యయముతో మహాచిత్రము తీయవచ్చునను విషయము ఆయనకు కంటికి కనబడినది. భారతీయ దర్శకుడు ఆడంబరమును విడిచి జీవితమువైపు చూపు మరల్చవలెననియు, అందులకు డి సికాయే ఆదర్శమనియు 1951లో వ్రాసెను.

1952లో మనదేశమున మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము బొంబాయిలో ప్రారంభమై మదరాసునకును, ఢిల్లీకిని, కలకత్తాకును సాగినది. జపాను దర్శకుడు అకిరా కురొసావా తీసిన 'రషోమోన్'ను ఆ కాలముననే రాయ్ వరుసగా మూడు దినములు చూచెను. అడవిలో జరిగిన యొక హత్యను తలకొక తీరుగా చెప్పు కథ అది. సరిహద్దు తగాదాలలో సాక్షుల వాఙ్మూలములు విన్న గ్రామస్థునకు ఈ కథ కొత్తగా తోపదు. ఆ అడవిలోని వెలుగునీడలు మాత్రము కొత్తవే. చాప్లిన్ 1925లో తీసిన 'గోల్డ్ రష్' అనిన రాయ్‌కి మిక్కిలి ప్రీతి. ఆకలికి బూటును వండుకొని తిను ఘట్టమునకు నవ్వనివారుండరు. నవ్విన పిదప గాని ఆ ఆకలి గుర్తునకు రాదు.

ఇట్లు చూచి నేర్చినదానికి ఆయన చెల్లించిన మూల్యమును లెక్కవేయవలసి యున్నది. లండను నుండి ఓడలో తిరిగి వచ్చునప్పుడే 'పథేర్ పాంచాలీ'కి రూపురేఖలు దిద్దుకొనెను. 1952 అక్టోబరు 27న రెల్లుపూల చేనిలో చిత్రీకరణ మొదలు పెట్టెను. మరుసటి ఆదివారము పోయి చూడగా పశువులు ఆ పూలన్నిటిని మేసివేసినవి! తిరిగి పూచువరకు ఏడాది యాగవలసి వచ్చినది. కెమెరా పట్టిన సుబ్రతా మిత్రా అంతకుముందు చలనచిత్రము తీసి యెరుగడు. ధనము చాలక రాయ్ బీమా పత్రముపై అప్పు తెచ్చెను. భార్య బిజోయా నగలు తాకట్టునకు పోయినవి. తెరమీది దుప్పట్ల తాకట్టు నిజముగా ఇంటిలోనికే వచ్చినది. తుదకు పశ్చిమ వంగ ప్రభుత్వము సొమ్మిచ్చి యాదుకొన్నది. 'బాట పాట' యను నర్థము గల పేరగుటచే ఆ సొమ్ము రోడ్ల మరమ్మతు పద్దున వ్రాయబడినదని చెప్పుదురు. లెక్కలు వ్రాయువారు నవ్వుకొనదగిన పద్దు! చిత్రము 1955లో వెలువడినది.

1992 మార్చిలో కలకత్తా ఆసుపత్రి మంచముపై నుండియే రాయ్ ఆస్కార్ గౌరవ పురస్కారమును స్వీకరించెను. ఆ సందర్భమున తాను తీసిన చిత్రముల గొప్పను ఆయన ఏకరువు పెట్టలేదు. బిల్లీ వైల్డర్ తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ'ని చూచి, ఆ దర్శకునకు తాను పండ్రెండు పుటల ఉత్తరము వ్రాసితిననియు, దానికి సమాధానమే రాలేదనియు నవ్వుచు చెప్పెను. మరునెల 23వ తేదీన పరమపదించెను.